వెనక పడవ

నమోదు 1

ఓడ దిగాక ఈ రాత రేవు ఆరోగ్యశాఖకి ఇవ్వాలట. అంతవరకు ఎవరూ చదవరట. ఏం తిన్నాం, ఎంత నిద్రపోయాం, కడుపెలా ఉంది, ఎవరి మీదైనా కోపం వచ్చిందా, ఇవన్నీ ప్రయాణికులు రోజూ రాయాలి. ఆ చివరి ప్రశ్న నాలాంటిదాన్ని అడగకూడదు. కాగితం చాలదు.

నా పేరు నూకరత్నం. ఆడపిల్లలకి కబడ్డీ నేర్పుతాను. మా ఆయన ఎర్నాయుడు, ఆయన అక్క బంగారమ్మ వదిన, నేను కలిసి దీవుల విహారానికి బయల్దేరాం. కిందటి వానల్లో మా ఆయనకి జబ్బు చేసి ఒక పక్క ఊపిరితిత్తి తీసేశారు. సముద్రపు గాలి తగిలితే కోలుకుంటాడని డాక్టరమ్మ చెప్పింది. భీమిలి జాలరి కొడుక్కి సముద్రపు గాలి మందట! విని నవ్వుకున్నాం. కానీ ఓడ అనగానే ఆయన మొహం విప్పారింది. ఆపరేషన్ తర్వాత ఆ మొహం చూడడం అదే మొదలు. వెంటనే టిక్కెట్లు తీసేశాను.

ఇప్పుడు కైలాసగిరి రేవులో, ఎడం షెడ్డులో ఉన్నాం. బీచ్ రోడ్డు మునిగాక రేవు కొండెక్కింది కదా. ఓడ ఎక్కేవాళ్ళందరినీ ముందు ఊరికి ఎడంగా ఇక్కడ ఉంచుతారు. పొద్దున్నే నాలుక చూపించాలి, గోళ్ళు చూపించాలి, మెట్లు ఎక్కి దిగాలి. ఆ తర్వాత కలుపుకుండ. ప్రతి ఇంటివాళ్ళూ తాము గంజి పులియబెట్టే తరవాణి కుండలోంచి ఒక ముంత తెచ్చి ఓడ పెద్దకుండలో పోస్తారు. రోజూ అందరూ ఆ కుండలోంచే ఒక గ్లాసు తాగాలి. తాగగా తాగగా అందరి కడుపూ ఒకటవుతుంది. అప్పుడు ఒకళ్ళ క్రిమి ఇంకొకళ్ళని పడగొట్టదు. మాత్రలు పనిచెయ్యడం మానేశాక పుట్టినవాళ్ళం మేము. పెళ్ళికీ ఇదే పద్ధతి, హాస్టల్లో చేరినా ఇదే పద్ధతి.

వదినకి మాత్రం మనసొప్పలేదు.

"మన కుండ మా నాయనమ్మ కాలం నాటిది. ఒక్క పూటయినా ఆరనీలేదు. ఎవులెవులి కుండల్లోనో కలిపీమంటే కలిపీడమేనా?" అంది.

"కలపకపోతే ఓడ ఎక్కనివ్వరు వదినా."

"కలుపుతానులే. నీకేటి, నువ్వు ఊరుకో."

మూతి ముడుచుకుంటూనే ముంత పట్టుకెళ్ళి పోసొచ్చింది.

కోపం సంగతి. వరసలో అందరినీ తోసుకుని ముందుకొచ్చి, పైగా నేల మీద ఉమ్మిన ఒక పెద్దమనిషి చెవి మెలిపెట్టాను. పేరు తవిటినాయుడట, ఎక్కడో ఆఫీసరుగా చేసి దిగిపోయాడట. చంటిపిల్లాడిలా కేకపెట్టాడు. ఆ రోజంతా నాకు ఆకలి బాగా వేసింది.

నమోదు 2

ఓడ ఎక్కాం. ఇది తనంతట తనే నడుస్తుంది. పై అంతస్తులో నలుగురు సిబ్బంది ఉన్నారట గానీ మాకు కనపడరు. పొద్దున గ్లాసు, తర్వాత డెక్కు చుట్టూ నడక. వండినది వేడిగా తినాలి, తినేముందు బూడిద సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి. మా ఆయన ఇవన్నీ బుద్ధిగా చేస్తున్నాడు. మధ్యాహ్నం రెయిలింగు పట్టుకుని నిలబడి, ఏ నీటి కింద ఏ చేప ఉంటుందో నాకు చెబుతాడు. సగం అబద్ధమే అనుకుంటాను. అయినా వింటాను.

మా బల్ల దగ్గర ఇంకో జంట కూర్చుంటారు. ఇస్సాకు గాజువాకలో లిఫ్టులు బాగుచేస్తాడు. భార్య సలోమి. ఇద్దరూ అనాథాశ్రమంలో పెరిగినవాళ్ళు. ఇంటి కుండ లేదు, ఆశ్రమం కుండలోంచి ముంత తెచ్చి పోశారట. ఆ మాట వినగానే వదిన కంచం కాస్త పక్కకి జరుపుకుంది. సలోమి అది చూసి తన కంచం కూడా దగ్గరికి లాక్కుంది.

ఓడ వెనక పొడుగాటి తాడుకి కట్టిన పడవ ఒకటి వస్తుంటుంది. పైన కప్పు, లోపల నీళ్ళ పీపా, రెండు తెడ్లు, అంతే. ఎవరి కడుపైనా మిగతావాళ్ళతో కలవలేదని తేలితే వాళ్ళని ఆ పడవలోకి దింపాలి. దింపేదాకా ఏ రేవూ ఓడని దగ్గరికి రానివ్వదు.

నమోదు 3

పక్క బల్ల పార్వతాలమ్మ గారు అన్నం తింటూనే ఒరిగిపోయారు. కడుపులో కోత, ఒళ్ళు కాలిపోతోంది, నెత్తురు విరేచనాలు. సాయంత్రానికి ఇంకో ఇద్దరు పడ్డారు.

గోడలో ఉన్న వైద్యప్పెట్టె మాట్లాడింది. "ఎవరి కడుపో కలవలేదు. అలాంటివాళ్ళు మొదట బాగానే ఉంటారు. వాళ్ళతో కలిసి తిన్నవాళ్ళు పడిపోతారు. వాళ్ళలో బలహీనులు ఉంటే తర్వాత వాళ్ళకీ వస్తుంది. కలవనివాళ్ళకి ఓడ నీరు పడదు, నేల మీది నీరు తాగితే కోలుకుంటారు."

"ఎవరో చెప్పు మరి!" అని అరిచారు అందరూ. అది తేల్చే పరీక్ష ఒడ్డున చెయ్యాలట. ఒడ్డుకి వెళ్ళాలంటే ముందు ఆ మనిషిని పడవలోకి దింపాలట. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు.

సిబ్బంది జబ్బు మాట వినగానే పై తలుపులు బిగించుకున్నారు. జనానికి చేతికి దొరికినవాడు వంటవాడు గవరయ్య. నువ్వే ఏదో కలిపావని కుడిచెయ్యి వేళ్ళు పొయ్యి అంచు మీద పెట్టి విరిచారు. నేను పోయి ఇద్దరిని లాగి అవతల పారేసేలోగా మూడు వేళ్ళు పోయాయి. పుల్లలు విరిచిన చప్పుడే అది.

తవిటినాయుడు బల్లెక్కి నిలబడ్డాడు. "ఇలా కాదు, ఒక పద్ధతి ఉండాలి" అన్నాడు. అందరూ ఆయన్నే పెద్దగా ఎన్నుకున్నారు. ఆయన పట్టుడు దళం అని ఒకటి పెట్టి, మొదటి పేరు నాదే చదివాడు.

"చెవి మెలిపెట్టిన చెయ్యి కదా, పనికొస్తుంది" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నమోదు 4

పొద్దున మా ఆయన మంచం దిగలేదు. పొట్ట పట్టుకుని ముడుచుకుపోయాడు. దుప్పటి తీస్తే నెత్తురు.

తుడవడానికి పాత గుడ్డ కోసం వదిన సంచీ తెరిచాను. చీరల మడతల్లో స్టీలు సీసా దొరికింది. మూత తీశాను. మా ఇంటి తరవాణి వాసన నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

వదినని నిలదీశాను. పెద్దకుండలో పోసింది బజార్లో కొన్న తరవాణట. షెడ్డులో చేరిన రోజు నుంచీ తమ్ముడికి మన కుండదే పోస్తోందట. ఓడ ఇచ్చిన గ్లాసులు, తనదీ తమ్ముడిదీ రెండూ తొట్లో ఒంపేస్తోందట. తనకేం, ఇనుములా ఉంది. ఊపిరి సగమైన మనిషి పడిపోయాడు.

వదిన చెంప పగలగొట్టాను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆవిడకి ఎదురు మాట్లాడి ఎరగను. అలాంటిదాన్ని కొట్టాను. పెదవి చిట్లింది.

"కొట్టు. ఇంకోటి కొట్టు" అంది. "ఆణ్ణి పురిట్లోంచి నానే పెంచినాను. సగం ఊపిరితో ఉన్నోడికి ఇంటి బలం ఉంటే బతుకుతాడని పోసినాను. సంపుదామని పోసినానా?"

"మావా, నీకు తెలుసా?" అని ఆయన్ని అడిగాను.

"అప్ప నొచ్చుకుంటాదని తాగినాను" అన్నాడు గోడ వైపు తిరిగి.

నేను వెంటనే వెళ్ళి చెప్పాలి. రూలు అదే. చెబితే ఈ మనిషిని, కూర్చుంటేనే ఆయాసపడే మనిషిని, తాడు చివర ఎండలో పడేస్తారు. చెప్పలేదు. గడియ పెట్టి, దుప్పటి తొట్లో ఉతికి, నెత్తురు నీళ్ళు కొంచెం కొంచెంగా ఒంపాను. ఆయనకి పడిశం పట్టిందని బయట చెప్పాను.

చదువుతున్నవాళ్ళకి ఒక్క మాట. మీ ఇంట్లో మనిషైతే మీరు చెప్పేవారా?

నమోదు 5

పార్వతాలమ్మ గారు పోయారు. ఆవిడని నీళ్ళలోకి వదిలిన గంటలోనే తవిటినాయుడు అందరినీ భోజనాల హాల్లోకి పిలిచాడు.

"మన మధ్య సొంత ఇంటి కుండ లేనివాళ్ళెవరు?" అని అడిగాడు.

ఎవరూ పేరు చెప్పలేదు. అందరి తలకాయలూ ఒకే వైపు తిరిగాయి. ఇస్సాకు లేచి నిలబడ్డాడు.

"మాది ఆశ్రమం కుండ సార్. ఎందరో పిల్లలు తాగిన కుండ. షెడ్డులో మీ కళ్ళముందే పోశాను, మీ కళ్ళముందే తాగాను."

"ఎందరో తాగిన కుండ. అదే మరి" అన్నాడు తవిటినాయుడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. నా భుజం దాకా నా చెయ్యి వెళ్ళినట్టే అనిపించింది. పక్కన వదిన కూర్చునుంది. ఆవిడ నోరు తెరవబోతే నేను బల్ల కింద ఆవిడ తొడ గిల్లి పట్టుకున్నాను.

ఇస్సాకు పరుగెత్తాడు. పరిగెత్తకుండా ఉంటే ఏమయ్యేదో తెలియదు. "నూకరత్నం!" అని అరిచాడు తవిటినాయుడు. నేను దూకి చీలమండ పట్టుకున్నాను. నేను పిల్లలకి నేర్పే మొదటి పట్టు అదే, పట్టాక భూకంపం వచ్చినా వదలకూడదని చెబుతాను. వదల్లేదు. మనిషి బోర్లా పడ్డాడు. వీపు మీద మోకాలు పెట్టి చెయ్యి వెనక్కి తిప్పాను. గింజుకున్నాడు. ఇంకా తిప్పాను. భుజం దగ్గర టప్పుమంది. తర్వాత మిగతావాళ్ళు వచ్చి బూటుకాళ్ళతో తన్నారు. మొహం అంతా నెత్తురు ముద్ద.

సలోమి నా ముంజేతిని ఎముక దాకా కొరికింది. "నీ దగ్గర కూర్చుని తిన్నాం గదే! మేం నీ దగ్గర కూర్చుని తిన్నాం!" అని అరిచింది. ఆమెని నేను తిరిగి కొట్టలేదు. వేరేవాళ్ళు కొట్టారు.

తాడు లాగి పడవని దగ్గరికి తెచ్చి ఇస్సాకుని అందులోకి విసిరారు. సలోమిని ఎవరూ విసరలేదు, తనే దూకింది.

పంటిగాట్లు రెండు చోట్ల చీము పట్టేలా ఉన్నాయి. మా ఆయన ఈ రోజు నాలుగు చెంచాల గంజి తాగాడు. ఇస్సాకు పడవలో ఉన్నాడు కాబట్టి మా ఆయన గదిలో ఉన్నాడు. ఈ మాట ఇంకోలా రాయడం నాకు చేతకాదు.

నమోదు 6

జబ్బు ఆగలేదు. ఎలా ఆగుతుంది? ఈ పొద్దున ఇంకో ముగ్గురు పడ్డారు. గదులు వెతకాలని తవిటినాయుడు చాటించాడు.

మా గది ఓడ వెనక వైపే ఉంది. మా ఆయన కిటికీకి నుదురు ఆనించి పడవ కేసి చూస్తున్నాడు.

"ఆ పిల్లడి సెయ్యి ఎవులు ఇరిసీసినారు?"

అబద్ధం ఆడదామనుకున్నాను. "నేనే" అన్నాను.

నుదురు కిటికీ మీంచి తీసి నా చేతుల కేసి చూశాడు. తర్వాత మంచినీళ్ళు అడిగాడు. తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గది ఖాళీ.

డెక్కు మీద, జనం మధ్యలో, స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాడు. లుంగీ నిండా నెత్తురు. "కలవనోణ్ణి నాను. ఆ పిల్లడు కాదు" అంటున్నాడు. గొంతు పైకి రావడం లేదు, అయినా అందరికీ వినపడింది.

అప్పుడు వదిన వచ్చింది. కొంగు నడుంకి చుట్టి జనాన్ని తోసుకుంటూ వచ్చి తమ్ముడి ముందు నిలబడింది. "ఆడికేటి తెల్దు. కలపనిది నాను! ఇంటి కుండని దాసింది నాను! పడెయ్యండి, నన్ను పడెయ్యండి!"

గవరయ్య ఎక్కణ్ణుంచి వచ్చాడో నేను చూడలేదు. కుడిచేతికి గుడ్డ చుట్టుకుని, ఎడమచేత్తో అట్లపెనం పట్టుకుని వచ్చాడు. "నీ మూలానా నా వేళ్ళు పోయింది?" అని ఒక్కటే వేటు వేశాడు. వదిన కణత దగ్గర తగిలింది. కింద పడేటప్పుడు మెట్టు అంచు ఇంకోసారి తగిలింది. మళ్ళీ లేవలేదు.

వాడి కోపం న్యాయమే. అయినా వాడి ముక్కు పగలగొట్టాను. ఏదో తలుపుకి అడ్డంగా వేసే ఇనపగడి నా చేతికి దొరికింది, దానితో ఇంకా ఎవరెవరిని కొట్టానో చెప్పలేను. ఒక మోకాలు పగిలింది, ఒక దవడ పక్కకి పోయింది. తవిటినాయుడి తల చిట్లి చొక్కా అంతా ఎర్రబడింది. నా ఎడమచేతి చిటికెనవేలు ఎటో తిరిగిపోయింది.

"రత్నాలూ, ఆపు. నాను దిగిపోతాను" అన్నాడు మా ఆయన. వదిన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని అన్నాడు.

పడవని దగ్గరికి లాగారు. తాడు నిచ్చెన మీద ఆయన్ని నా భుజాల మీద మోసుకుంటూ దిగాను. కింద సలోమి కొక్కెం కర్ర పట్టుకుని నిలబడింది. మొహం వాచి ఒక కన్ను మూసుకుపోయింది. వెనక ఇస్సాకు చెయ్యి మెడకి కట్టుకుని కూర్చున్నాడు.

"ఆయన రావచ్చు. మా కోసం బయటికొచ్చి చెప్పాడు, విన్నాం. నువ్వు మాత్రం కాలు పెట్టావంటే ఇది నీ గొంతులో దింపుతాను" అంది.

కాలు పెట్టలేదు. ఆయన్ని అందించాను. సలోమి ఆయన నడుం కింద చెయ్యి వేసి జాగ్రత్తగానే దింపుకుంది. నా చేతులు ఖాళీ అయ్యాయి. నిచ్చెన మీద అలాగే ఏడ్చాను.

నమోదు 7

వదినని నీళ్ళలోకి నేనొక్కదాన్నే వదిలాను. సాయానికి ఎవరూ రాలేదు.

తర్వాత కొత్త పుకారు పుట్టింది. జబ్బు తాడు వెంట పాకి వస్తోందట. తాడు కోసేసి, పడవ గాలివానలో పోయిందని రేవులో చెబుదామన్నారు. చదువుకున్న మనుషులే అన్నారు ఆ మాట. సిగ్గులేదు.

తాడు కట్టిన ఇనపదుంగ మీద ఆ ఇనపగడి పట్టుకుని కూర్చున్నాను. మాపటికి ఇద్దరు కూరగాయల కత్తులతో వచ్చారు. మొదటివాడి మణికట్టు విరిచాను. రెండోవాడు నా భుజం మీద గాటు పెట్టాడు, వాడి పక్కటెముకలు లోపలికి పోయాయి. ఇంకోడు వెనకనుంచి వచ్చి నా జుట్టు పట్టుకున్నాడు. వాణ్ణి రెయిలింగు మీదికి లాగి తలకిందులుగా వేలాడదీసి, "తాడు ముట్టుకుంటావా?" అని అడిగాను. "ముట్టుకోనమ్మా, ముట్టుకోను" అని ఏడ్చాడు. పైకి లాగి వదిలేశాను. నిజం చెబుతున్నాను, వాణ్ణి వదిలేద్దామనే అనిపించింది. నీళ్ళలోకి.

అదంతా పడవలోంచి మా ఆయన చూస్తూనే ఉన్నాడు. నేను ఆయన కోసం కొడుతున్నాననుకున్నాను. ఆయన కేసి చూసే తీరిక లేదు నాకు.

తెల్లారేసరికి దీవి కనపడింది. ఇసక, కొబ్బరిచెట్లు, ఎక్కడో పొగ. ఓడ దాని పక్కనుంచి ఆగకుండా పోతోంది, జబ్బు ఆగిందని తేలేదాకా మాకు అనుమతి లేదు కదా. పడవ ముందు భాగంలో మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఏదో చేస్తున్నాడు. సలోమి దుప్పటిని తెడ్డుకి కట్టి నిలబెడుతోంది. ఇస్సాకు మంచి చేత్తో రెండో తెడ్డు పట్టుకున్నాడు.

అప్పుడర్థమైంది. ముడి విప్పుతున్నాడు.

"మావా! చెయ్యి తియ్యి! ముడి మీంచి చెయ్యి తియ్యి!" అని గొంతు చించుకున్నాను.

తలెత్తి చూశాడు. ఆ సగం ఊపిరితోనే, ఉన్న బలమంతా పెట్టి కేకేశాడు. "ఇంక కొట్టకే రత్నాలూ! ఇంకెవుల్నీ కొట్టకే!"

తాడు వదులై నీళ్ళలో పడింది. దుప్పటి గాలి పట్టింది. పడవ పక్కకి తిరిగి దీవి వైపు సాగింది. అక్కడ నేల నీళ్ళుంటాయి, తాగితే బతుకుతాడు. నేను తాడు కాపలా కాస్తున్నంతసేపూ ఆయన్ని ఆ నీళ్ళకి దూరంగా లాక్కుపోతూనే ఉన్నానన్నమాట. నేను కాపాడింది అదీ. ఆయన చెయ్యి ఊపాడు. తిట్టాను, నోటికొచ్చినట్టల్లా తిట్టాను, పడవ చుక్కంత అయ్యేదాకా తిడుతూ ఏడ్చాను.

ఆ తర్వాత వెనక అడుగుల చప్పుడైంది. తవిటినాయుడు, ఒక్కడే. తలకి గుడ్డ. చేతిలో కత్తి లేదు. రెయిలింగు పట్టుకుని తాడు కేసి చూశాడు, పడవ లేదని చూశాడు. మొహం పాలిపోయింది.

"రత్నమ్మా, రాత్రి నుంచీ నాకు కడుపులో కోతగా ఉంది" అన్నాడు మెల్లగా. "కలవనిది నేనే అనుకుంటారు. ఎవరితోనూ అనకమ్మా."

గడి నా చేతిలోనే ఉంది. ఈయనే వేలెత్తి ఇస్సాకుని చూపించాడు. ఈయన పెట్టిన పద్ధతిలోనే మా వదిన పోయింది. ఒక్క దెబ్బ చాలు. చెయ్యి లేచింది కూడా. దెబ్బ తప్పించుకోవడానికి ఆయన తల పక్కకి తిప్పను కూడా తిప్పలేదు, పొట్ట పట్టుకుని అలాగే వంగిపోయి నిలబడ్డాడు. నెత్తురు బొట్లు కాళ్ళ మధ్య రాలుతున్నాయి.

మెట్ల కింద జనం మాటలు వినపడ్డాయి. వెనక ఇప్పుడు పడవ లేదు. ఈసారి ఎవరు దొరికినా తిన్నగా నీళ్ళలోకే తోస్తారు.

ఆయన రెక్క పట్టుకుని మా గదికి ఈడ్చుకొచ్చాను. మా ఆయన మంచం మీద పడేశాను. "మూలిగావంటే నేనే చంపుతాను" అన్నాను. తలూపాడు. నాకు ఆయన మీద జాలి ఏమీ లేదు, అది ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను.

గంజి కాచి పెట్టాను. నెత్తురు పడిన మెట్లు తుడిచాను. ఇప్పుడు గడి ఒళ్ళో పెట్టుకుని తలుపు ముందు కూర్చుని ఇది రాస్తున్నాను. కింద మాటలు ఆగాయి. పైకి ఎవరో వస్తున్నారు.